నైరుతి మూలలో రాళ్లు

2023 ఎండాకాలం. ప్రొద్దుటూరులో నేను అక్వేరియం దుకాణం తెరిచి అప్పటికి రెండేళ్లు దాటింది. చేపలు అమ్మడం ఈ వృత్తిలో చిన్న భాగం. అమ్మిన చేపలు కొన్నవాళ్ల ఇళ్లలో బతికేలా చూడటం పెద్ద భాగం. తొట్టెలు కడగడానికి, నీళ్లు మార్చడానికి, జబ్బుపడిన చేపలకు మందు వెయ్యడానికి జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, పులివెందుల వైపు స్కూటర్ మీద తిరుగుతుంటాను. డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. నిజానికి తరగతి గదిలో కంటే వాద పోటీల వేదికల మీదే ఎక్కువ కాలం గడిపాను. ప్రశ్న సరిగా వెయ్యడం, అవతలి పక్షం ఏమంటుందో ముందుగా వినడం అక్కడ అబ్బిన అలవాట్లు. చేపల పనిలో ఆ అలవాటు ఎంతవరకు ఉపయోగపడుతుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో జమ్మలమడుగులోని ఒక ఇంట్లో నాకు తెలిసింది.

మా ప్రాంతపు బోరు నీళ్లు కఠినమైనవి. సున్నపురాయి పొరల్లోంచి వస్తాయి కాబట్టి గిన్నెల అడుగున తెల్లటి పెచ్చు కడతాయి. చాలా రంగుచేపలకు ఈ నీళ్లు పడవు. ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపలకు మాత్రం ఇలాంటి నీళ్లే కావాలి. సిక్లిడ్ కుటుంబానికి చెందిన ఆ చేపలు మా నీళ్లలో సొంత ఊరిలో ఉన్నట్టే ఉంటాయి. చిక్కంతా వాటి స్వభావంతోనే. సరస్సులో అవి రాళ్ల సందుల్లో కాపురముంటాయి. బలమైన మగచేప ఒక సందును తనదిగా చేసుకుని, అటువైపు వచ్చిన ప్రతిదాన్నీ తరుముతుంది. అది కాపాడుకునే ఆ చోటును మేము టెరిటరీ అంటాం. సరస్సులో ఓడిపోయిన చేప పారిపోతుంది, కథ అక్కడితో ముగుస్తుంది. గాజుతొట్టెలో పారిపోవడానికి చోటు లేదు. అక్కడ ఓడిపోయిన చేప ప్రతిరోజూ ఓడిపోతూనే ఉంటుంది.

ఓబుళరెడ్డి గారు నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ యజమాని. తన తొట్టెలో చేపలు కొట్టుకుని చస్తున్నాయని ఫోన్ చేసి పిలిచారు. నేను వెళ్లేసరికి హాల్లో మనిషంత పొడవైన తొట్టె, దాని ఎదురుగా చక్రాల కుర్చీ, కుర్చీలో ఆయన భార్య లక్ష్మీదేవి గారు ఉన్నారు. అంతకు ముందు చలికాలంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి కదలవు. మాట పోయింది. యాభై ఏళ్లు కూడా ఉండవు. ఆమెను కనిపెట్టుకుని ఉండేది మాబున్ని, అదే వీధిలో ఉండే ఆవిడ, భర్త కువైట్‌లో డ్రైవరు.

“చూడు పాపా, ఆ నల్లదాన్ని,” అన్నారు ఓబుళరెడ్డి గారు గాజు మీద వేలు పెట్టి. “దయ్యం తిరిగినట్ల తిరుగుతాండాది. తక్కిన వాటిని ఒగదాన్ని గూడా బతకనియ్యదు.”

నల్లటి ఒంటి మీద లేత నీలి చారలున్న చేప అది. తొట్టెలో ఒక మూలన అడుగు నుంచి నీటి మట్టం దాకా పేర్చిన నాపరాళ్ల గుట్ట ఉంది. మిగిలిన తొట్టె అంతా వట్టి ఇసుక. గుట్ట మొత్తం నల్లదాని అధీనంలో ఉంది. మిగిలినవి, పసుపుపచ్చని ఒంటి మీద నల్లచారలున్నవి, ఎదుటి మూలన ఫిల్టర్ గొట్టం వెనక నీటి పైభాగంలో ముడుచుకుని ఉన్నాయి. వాటి తోకలు చిరిగి పీలికలై ఉన్నాయి. ఒకదానికి ఒక కన్ను లేదు.

“రాళ్లన్నీ ఒకే మూలన ఎవరు పెట్టించింది సార్?”

“సిద్ధాంతి. ఇంటికి ఈశాన్యంలో నీళ్లుండల్ల, ఆ నీళ్లలో గూడా బరువంతా నైరుతి మూలనే ఉండల్ల, తక్కిన జాగా ఖాళీగా ఇడిసిపెట్టల్ల అన్నెడు. అట్లయితే ఈమె ల్యాసి నడుస్తాదంట. రాళ్లు మన ఫ్యాక్టరీవే. నేనే కోపిచ్చినా.”

చేపలు కొట్టుకోవడానికి కారణం నాకు అర్థమైపోయింది. ఆ తొట్టెలో ఇల్లు ఒక్కటే ఉంది. బలమైన చేప దాన్ని ఆక్రమించింది. దాని చూపు నుంచి తప్పించుకోవడానికి మిగిలినవాటికి ఒక్క రాయి చాటు కూడా లేదు. పైగా ఆ ఎండలకు తొట్టెలో నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. వేడికి ఈ చేపల దూకుడు ఇంకా పెరుగుతుంది. రాళ్లను మూడు నాలుగు గుట్టలుగా పంచి, ఒక గుట్ట నుంచి ఇంకో గుట్ట కనబడకుండా పేరిస్తే చాలావరకు సర్దుకుంటుందని చెప్పాను.

“రాళ్ల జోలికి మాత్రం పోవద్దు. చేపను తీసెయ్.”

“దీన్ని తీసేస్తే ఇంకొకటి ఇదే పని చేస్తుంది సార్.”

“నల్లది ఇదొగటే గదా. తక్కినవి పసుప్పచ్చగా ఉండాయి.”

నేను వివరించాను. ఈ చేపలను మా వృత్తిలో ఔరాటస్ అంటారు. పిల్లలుగా ఉన్నప్పుడు అన్నీ పసుపుపచ్చగానే ఉంటాయి. మగవాటిలో ఏది గెలిచి పెత్తనం సంపాదిస్తుందో అది నల్లగా మారుతుంది. ఆయన నా వైపు ఎగాదిగా చూసి నవ్వారు.

“మనుషులకు ఓడిపోతే గదా మొగం నల్లబడేది. దీనికి గెలిస్తే నల్లబడతాదా? బాగుండాది పాపా నీ సదువు.”

ఆ రోజు నేను చెయ్యగలిగింది నల్లదాన్ని పట్టి బయటికి తియ్యడమే. “మైలవరం డ్యాంలో ఇడిసిపెట్టి పో, యాడన్నా బతుకుతాది,” అన్నారాయన. చెయ్యనని చెప్పాను. పరదేశపు చేపను మన నీళ్లలో వదిలితే అక్కడి చేపలకూ, వాటి మీద బతికే మనుషులకూ ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. పులివెందులలో ఒక టీచరమ్మ ఇంట్లో రాళ్లతో నిండిన పెద్ద తొట్టె ఉంది. దాన్ని ఆమెకు అప్పగించాను.

నెల తిరగకముందే మాబున్ని ఫోన్ చేసింది.

“పాపా, నువ్వు పట్టుకపోయిన నల్లది మళ్లా వచ్చింది.”

వెళ్లి చూస్తే గుట్ట మీద కొత్త నల్లచేప తిరుగుతోంది. పొట్ట కింద ఇంకా కాస్త పసుపు మిగిలి ఉంది. ఒంటికన్ను చేప చచ్చి ఇసుక మీద పడి ఉంది. ఓబుళరెడ్డి గారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

“నిజం చెప్పు పాపా. దీన్నే తెచ్చి దొడ్డిదోవన ఏసినావా ఏంది?”

“ఆ రోజు ఫిల్టర్ గొట్టం వెనక దాక్కున్నవాటిలో ఒకటి ఇది సార్. గుట్ట ఖాళీ అయింది, ఇది ఎక్కి కూర్చుంది. దీన్నీ తీస్తే మూడోది ఎక్కుతుంది. తప్పు చేపది కాదు, పేర్చిన తీరుది.”

“నీ చేపల శాస్త్రం నీది. ఆయప్ప శాస్త్రం ఆయప్పది. నడిసేది నా పెండ్లాము. నేను ఎవురి మాట ఇనల్ల?”

ఆ మాటలో మొండితనం కంటే భయం ఎక్కువగా ఉంది. వైద్యులు చేసేది ఇంతేనన్నాక, ఆయన చేతిలో చెయ్యడానికి మిగిలిన పని ఆ మూలన రాళ్లు పేర్చడం ఒక్కటే. దాన్ని తప్పని రుజువు చేస్తే ఆయనకు ఏం మిగులుతుందో నాకు తోచలేదు. గాజు తుడవడానికి కూర్చున్నాను.

అప్పుడు చూశాను. నల్లది పసుపుపచ్చ చేపను ఒకదాన్ని తరిమి తరిమి సరిగ్గా కుర్చీకి ఎదురుగా గాజుకు అదిమి పొడుస్తోంది. లక్ష్మీదేవి గారు కళ్లు మూసుకుని ఉన్నారు.

“ఈమె కునుకు తీసే యాళ ఇది,” అంది మాబున్ని. “పొద్దున కూర్చోబెడితే మాపటిదాకా ఈడనే పాపా. చేపల్ని చూస్తే బీపీ తగ్గుతాదని ఎవురో చెప్పినారంట. ఏమో మరి, కడుపుకు తినేది మాత్రం శానా తగ్గిపోయింది. ముద్ద నోట్లో పెడితే మింగదు.”

కునుకు తీస్తున్న మనిషి ఎడమ చెయ్యి కుర్చీ కమ్మీని అంత గట్టిగా పట్టుకోదు. వేళ్ల కణుపులు తెల్లబడి ఉన్నాయి.

ఆమె అవును అని ఎలా చెబుతారని అడిగాను. ఆస్పత్రిలో ఎడమ చేత్తో చెయ్యి నొక్కడం నేర్పారట. నీళ్లు కావాలా, పడుకుంటావా అని అడిగితే నొక్కుతారట. చేపల గురించి ఎప్పుడైనా అడిగారా అన్నాను. మాబున్ని ఓబుళరెడ్డి గారి వైపు చూసింది.

“అడిగేదేముండాది దాంట్లో?” అన్నారాయన. “సరే, నువ్వడుగు. నీకు అడగడం శానా ఇష్టమున్నట్లుండాది.”

నేలమీద కూర్చుని ఆమె ఎడమ చేతిని నా చేతిలోకి తీసుకున్నాను. వాద పోటీల్లో మాకు పదేపదే చెప్పిన హెచ్చరిక ఒకటుంది. మనకు కావలసిన జవాబును ప్రశ్నలోనే దాచి అడగకూడదు. అడిగినదాన్నే తిప్పి కూడా అడగాలి. నా ప్రశ్న ఆమెకు అర్థమవుతోందో లేదో తేల్చుకోవడానికి, ముందు జవాబు మనకు తెలిసినదాన్నే అడిగాను.

“అమ్మా, ఇది పులివెందులనా?”

చెయ్యి కదల్లేదు.

“ఇది జమ్మలమడుగా?”

నొక్కారు. వేళ్లలో బలం ఉంది.

“ఈ చేపలు మీ ఎదుట ఉండాలా?”

నొక్కారు. “చెప్పలే నేను?” అన్నారు ఓబుళరెడ్డి గారు వెనకనుంచి.

“అవి ఇట్లా కొట్టుకుంటుంటే చూడాలని ఉందా?”

చెయ్యి కదల్లేదు. ప్రశ్న తిప్పాను. “చూడలేకపోతున్నారా?”

నొక్కారు. ఈసారి వదల్లేదు.

“కళ్లు మూసుకునేది అందుకేనా అమ్మా?”

ఆ చెయ్యి నా చేతిని అట్లాగే పట్టుకుని ఉంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. మాబున్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “యా అల్లా, నేను నిద్దర అనుకుంటినే. నిద్దర పోతాందిలే అని టీవీ గూడా ఆపేస్తాంటినే.”

కుర్చీని తిప్పుకోలేని మనిషి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కళ్లెదుట ఒక ప్రాణి ఇంకొక ప్రాణిని కొట్టి చంపడం చూస్తూ కూర్చుంది. ఇంట్లో అందరూ ఆమె మంచి కోసమే ఆ ఏర్పాటు చేశారు.

ఓబుళరెడ్డి గారు తొట్టె దగ్గరికి వచ్చారు. చొక్కా చేతులు పైకి మడిచి, “రాళ్లు ఎట్ల పెట్టల్లో చెప్పు,” అన్నారు.

ఈ పనికి ఒక పద్ధతి ఉంది. ముందు చేపలన్నింటినీ బకెట్లలోకి తీసి, గాలి గొట్టం పెట్టి, పైన గుడ్డ కప్పాలి. చేపలు లేనప్పుడే రాళ్లు జరపాలి. గుట్టను పూర్తిగా విప్పాలి. ఒక్క రాయి పాత చోటులో మిగిలినా నల్లది దాన్ని గుర్తుపట్టి మళ్లీ అక్కడే కాపు కాస్తుంది. రాళ్లను నాలుగు చోట్ల, మధ్యలో దూరి పోవడానికి సందులుంచి పేర్చాం. ఏ రాయి మీద ఏ రాయి నిలుస్తుందో ఆయన చేతులకు బాగా తెలుసు. చేపలను అన్నింటినీ ఒకేసారి వదిలి, తొట్టె లైటు ఆర్పేశాం. తొట్టె అన్నింటికీ కొత్తదే అయినప్పుడు దేనికీ పెత్తనం ఉండదు. కొన్నాళ్లకు దుకాణం నుంచి ఇంకొన్ని చేపలు తెచ్చి కలిపాను. గుంపు పెరిగితే తరిమేదానికి ఒక్కదాన్నే పట్టుకుని పొడవడం కుదరదు.

తరుముకోవడం పూర్తిగా ఆగలేదు, ఆగదు కూడా. అయితే తరిమించుకున్న చేపకు ఇప్పుడు దూరడానికి ఒక సందు ఉంది. తోకలు మళ్లీ పెరిగాయి. తర్వాత ఒకసారి నేను వెళ్లినప్పుడు మాబున్ని నన్ను గుమ్మం దగ్గరే ఆపింది.

“అన్నం తింటాండాది పాపా. అది గాక ఇంగొకటి. ఒగ చేప ఈమె మాదిరే నోరు తెరవకుండా ఉండాది. మేతేస్తే ముట్టదు. దానికేం రోగమొచ్చిందో చూడు.”

అది రోగం కాదు. ఈ చేపల్లో తల్లి గుడ్లను నోట్లోనే పెట్టుకుని పొదుగుతుంది, పిల్లలు బయటికి వచ్చేదాకా ఏమీ తినదు. ఆ మాట చెబుతుంటే లక్ష్మీదేవి గారు ఆ చేపనే చూస్తున్నారు. చేపపిల్లలు బయటికి వచ్చాక నన్ను పిలిపిస్తారా అని ఆమె చెయ్యి పట్టుకుని అడిగాను. నొక్కారు.

ఆ పిలుపు రాలేదు. వానలు మొదలైన రోజుల్లో ఆమెకు ఫిట్స్ వచ్చాయి. కడప ఆస్పత్రిలో చాలా రోజులుంచి ఇంటికి తెచ్చారు. నేను వెళ్లేసరికి రాళ్లన్నీ మళ్లీ నైరుతి మూలన ఉన్నాయి. గుట్ట మీద నల్లది తిరుగుతోంది. ఎదుటి మూలన, నీటి పైభాగంలో, మిగిలినవి ముడుచుకుని ఉన్నాయి. నోట్లో గుడ్లున్న తల్లి చేప వాటిలో లేదు.

“నువ్వు చెప్పినట్లే రాళ్లు జరిపితిమి,” అన్నారు ఓబుళరెడ్డి గారు. గొంతులో కోపం లేదు. “జరిపినాక ఇట్లయింది. దీనికేం చెప్తావు?”

చెప్పడానికి నా దగ్గర ఒక వాక్యం ఉంది. ఒకదాని తర్వాత ఇంకొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు. ఎన్నో వేదికల మీద ఆ వాక్యంతో అవతలి పక్షాన్ని నిలువరించాను. సగం చెప్పి ఆగిపోయాను.

“చెప్పు పాపా, పర్వాల్యా. మాటల్లో నువ్వే గెలుస్తావు. నాకు గెలుపు వద్దు. ఈమె ల్యాసి కూర్చుంటే చాలు.”

నేలమీద కూర్చుని లక్ష్మీదేవి గారి చెయ్యి పట్టుకున్నాను.

“అమ్మా, ఇది జమ్మలమడుగా?”

చెయ్యి కదల్లేదు. పులివెందులనా అన్నాను. అప్పుడూ కదల్లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. అవి తొట్టె వైపే ఉన్నాయి గానీ, చూస్తున్నాయో లేదో చెప్పడం కష్టం.

“ఇంగొకసారి అడుగు,” అన్నారాయన. అడిగాను. ఆయన వచ్చి పక్కన గొంతుక్కూర్చుని ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకున్నారు. “లచ్చిందేవీ, నేను మే. చేపలుండల్లనా, వద్దా? నొక్కు మే.” మళ్లీ అడిగారు. మాబున్ని మొహం తిప్పుకుంది.

నేను అప్పుడు అన్నది ఇదే. “సార్, అమ్మ జవాబు చెప్పగలిగినప్పుడు చెప్పింది. మన ముగ్గురం విన్నాం. చేపలు కావాలంది, కొట్లాట వద్దంది. రాళ్లు ఆ మూలనే ఉండాలంటే కొట్లాట ఉంటుంది. అప్పుడు చేపలు ఉండకూడదు. ఇది నా వాదన కాదు, ఆమె మాట.”

ఆయన గుట్ట వైపు చూశారు. భార్య వైపు చూశారు.

“నీళ్లు?”

“నీళ్లు ఉంటాయి. రాళ్లు మీరు పెట్టిన చోటే ఉంటాయి.”

“అయితే తీస్కపో. అన్నిట్నీ తీస్కపో.”

రాళ్లు అడ్డం ఉంటే చేపలను పట్టడం కష్టం. గుట్టను కదపకుండా పట్టాలి కాబట్టి ఆ రోజు సాయంత్రం దాకా పట్టింది. ఆక్సిజన్ నింపిన సంచుల్లో వాటిని పులివెందుల టీచరమ్మ ఇంటికి చేర్చాను. రాళ్లతో నిండిన ఆ తొట్టెలో చాలావరకు బతికాయి. లక్ష్మీదేవి గారు మాత్రం కావాలని అడిగిన చేపలను పోగొట్టుకున్నారు. ఆమె మాట నిలబడింది గానీ సగమే నిలబడింది. మిగిలిన సగాన్ని ఎవరు ఎంత బాగా వాదించినా ఆ ఇంట్లో నిలబెట్టలేరు.

వృత్తిపరంగా ఈ కేసు నాకు నేర్పింది చెప్పడం తేలిక. పెత్తనం చేసే చేపను తీసేస్తే కొట్లాట పోదు. పెత్తనానికి వీలిచ్చే అమరిక పోవాలి. ఈ మాట ఇప్పుడు చేపలు కొనే ప్రతివాళ్లకూ చెబుతున్నాను. దానికంటే పెద్దది ఇంకొకటి నేర్చుకున్నాను. తొట్టె పెట్టడానికి ఏ ఇంటికి వెళ్లినా, దీని ఎదుట ఎక్కువసేపు కూర్చునేది ఎవరని ముందు అడుగుతాను. వాళ్లను వాళ్ల ఇష్టం అడగనిదే గాజు కూడా లోపలికి తీసుకురాను. మనిషి జవాబు చెప్పగలిగే రోజులు ఎన్ని ఉంటాయో ఎవరికీ తెలియదు. అడిగి ఉంచుకున్న జవాబు ఒక్కటైనా ఉంటే, ఆ తర్వాత ఆ మనిషి తరఫున మాట్లాడటానికి మనకు కాస్త హక్కు మిగులుతుంది.

ఖాళీ తొట్టెలో నీళ్లు మార్చడానికి నెలకొకసారి ఇప్పటికీ జమ్మలమడుగు వెళుతున్నాను. కుర్చీ ఇప్పుడు వీధి తలుపు వైపు తిరిగి ఉంటుంది. ఎండ పడుతుందేమో, తలుపు మూయమంటావా అని ఓబుళరెడ్డి గారు ఆమెను అడుగుతారు. చేతిని చేతిలో పెట్టుకుని, జవాబు వస్తుందన్నంతసేపు ఆగి, ఆ తర్వాతే లేచి తలుపు దగ్గరికి వెళతారు.